చంద్రుడి వెనక నాలుగు నిమిషాలు

జూన్ 3

ఇందుమూలముగా భావి చరిత్రకారులకు తెలియజేయడమేమనగా, ఈ రోజు నుంచి నేను డైరీ రాస్తున్నాను. ప్రత్యేక కారణం ఏమీ లేదు. నోట్‌బుక్ ఒకటి ఖాళీగా పడి ఉంది, సాయంత్రం ఖాళీగా పడి ఉంది, నేనూ ఖాళీగా పడి ఉన్నాను.

అమ్మ గొంతులో గడ్డ ఉందిట. ఇరవై నాలుగో తారీఖున ఆపరేషన్.

ఇది రాయడానికే పుస్తకం తీశానని ఎవరైనా అంటే ఒప్పుకోను.

జూన్ 4

గొంతు డాక్టరు కాగితం మీద బొమ్మ వేసి చూపించాడు. గొంతు వెయ్యబోయి పూలకుండీ వేశాడు. అందులో ఒక ఉండ, ఉండ చుట్టూ ఒక దారం. ఉండ అంటే గడ్డ. చెడ్డది కాదు కానీ పెరుగుతోంది, ఊపిరికి అడ్డం వస్తుంది, తియ్యక తప్పదు. దారం అంటే మాట పలికించే నరం.

"నరాన్ని కాపాడ్డానికే చూస్తామమ్మా. కుదరకపోతే మాట అసలు పోదు గానీ, గుసగుసలాగా వస్తుంది. ఇప్పుడున్న ఈ గొంతు మాత్రం ఉంటుందని చెప్పలేను."

అమ్మ ఒక్కటే అడిగింది. "వెనక వరుసకి వినబడుతుందా?"

"ఏ వెనక వరుసమ్మా?" అన్నాడు డాక్టరు. నాన్న వైపు చూశాడు. నాన్న పూలకుండీ వైపు చూశాడు.

చరిత్రకారుల సౌకర్యార్థం: మా అమ్మ ఇరవై ఆరేళ్ళుగా ఊరి ప్లానెటోరియంలో కథ చెబుతోంది. ఉద్యోగం పేరు 'వ్యాఖ్యాత'. చీకటి గోపురం కింద ఒక చిన్న బల్ల వెనక కూర్చుని, మనిషి ఆకాశానికి ఎలా వెళ్ళాడో యాభై నిమిషాలు చెబుతుంది. హాలు తెరిచి ఉన్న రోజుల్లో, రోజుకు మూడుసార్లు. చేతిలో కాగితం ఉండదు. మైకు కూడా ఉండదు. గోపురం కింద మైకు పెడితే మాట గుండ్రంగా తిరిగి మళ్ళీ నెత్తిమీద పడుతుందని, మామూలు గొంతుతోనే నూట ఎనభై కుర్చీలకూ అందిస్తుంది.

ఆ వెనక వరుస, డాక్టరు గారూ.

జూన్ 6

నా వృత్తి గురించి కూడా ఒక మాట రాసి ఉంచాలి. రేడియో ప్రకటనలు తయారుచేసే స్టూడియోలో శబ్దాలు శుభ్రం చేస్తాను. సబ్బు గురించో సిమెంటు గురించో ఒకాయన గంభీరంగా చెబుతాడు. ఆయన ఊపిరి నేను కత్తిరిస్తాను, గుటకలు కత్తిరిస్తాను, మాటకూ మాటకూ మధ్య సందు కత్తిరిస్తాను. నా చేతిలో పడ్డాక ఆయన ఊపిరి తియ్యకుండా బతికే మనిషి అయిపోతాడు.

ఇంత ఘనమైన కూతురు ఉండి కూడా అమ్మ కథ ఒక్కసారైనా రికార్డు చెయ్యలేదు. అమ్మ చెయ్యనివ్వలేదు. ఈ రోజు అడిగాను.

"అమ్మా, ఒక్కసారి రికార్డు చేసుకుందామా? ఊరికే. నా ప్రాక్టీసు కోసం."

"నీ ప్రాక్టీసు కోసమా?"

"కొత్త మైకు కొన్నాను. పరీక్షించాలి."

"సబ్బు వాడి మీద పరీక్షించు."

"సబ్బు వాడికి నీ అంత గొంతు లేదు."

"నాకు ఉంది కదా, ఉన్నన్నాళ్ళూ విను. సీసాలో పోసి దాచుకుంటావా?"

అవును, అన్నాను మనసులో. పైకి మాత్రం "సరేలే, బోడి మైకు" అన్నాను.

జూన్ 7

అమ్మ ఒప్పుకోలేదు.

జూన్ 8

ఒప్పుకోలేదు. పైగా నాన్నతో, "దీనికి నేను పోతున్నట్టుంది" అంది. నాన్న "ఛ, అదేం లేదు" అన్నాడు. నాన్న ఏ సందర్భంలోనైనా ఆ మూడు మాటలే అంటాడు. నీళ్ళ సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల విభాగంలో పనిచేసిన ఫలితం.

జూన్ 10

రికార్డింగ్ అమ్మ గొంతు గురించి కాదు, కథ గురించి. కథ పోకూడదు కదా. అంతే. ఈ సంగతి ఇక్కడ స్పష్టంగా రాసి పెడుతున్నాను.

కథ ఏమిటంటే, నేను పుట్టకముందు నుంచీ వింటున్నది. అమ్మ కడుపులో ఉండగానే నాలుగైదు వందలసార్లు అంతరిక్షానికి వెళ్ళొచ్చాను. తర్వాత బడి అయ్యాక అమ్మ బల్ల కింద కూర్చుని వెళ్ళేదాన్ని. అక్కడ ఒక పాత దుప్పటి ఉండేది. అమ్మ పాదాలు, చెప్పులు లేకుండా, నా భుజానికి ఆని ఉండేవి. కథలో భయం వచ్చే చోట ఆ పాదం నన్ను కొంచెం నొక్కేది. ఎనభై మందికో నూట ఎనభై మందికో చెబుతోందని నాకు తెలుసు. అయినా ఆ నొక్కడం నా ఒక్కదానికే.

అంకెలు నేను వెనక నుంచి నేర్చుకున్నాను. ఒకటో తరగతిలో టీచరు పది దాకా లెక్కపెట్టమంటే, పది తొమ్మిది ఎనిమిది అని సున్నా దాకా దిగి, "లేచిందీ!" అని అరిచాను. క్లాసులో సగంమంది లేచి నిలబడ్డారు.

ముందు కుక్క వెళుతుంది. అమ్మ ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. "ఆ కుక్క తిరిగి రాలేదర్రా. దాన్ని తీసుకురావడం అప్పటికి ఎవరికీ చేతకాదు. తెలిసే పంపించారు." అక్కడ పిల్లలు ఎవరో ఒకరు ముక్కు చీదుతారు. అమ్మ ఆ చీదడం అయ్యేదాకా ఆగుతుంది. తర్వాత మొదటి మనిషి. నూట ఎనిమిది నిమిషాల్లో భూమిని చుట్టేసి, గొడుగు కట్టుకుని బంగాళాదుంపల చేను దగ్గర దిగుతాడు. చేలో ఒక ముసలమ్మ, ఆవిడ మనవరాలు. నారింజరంగు బట్టల్లో, నెత్తిన తెల్లటి గుండు టోపీతో పైనుంచి దిగినవాణ్ణి చూసి ఇద్దరూ వెనక్కి వెనక్కి నడుస్తారు. ఇక్కడ అమ్మ ముసలమ్మ అయిపోతుంది. "ఎవరు నాయనా నువ్వు? నిజంగా పైనుంచే వస్తున్నావా?" వెనక వరుస దాకా నవ్వులు.

తర్వాత మొదటి ఆడమనిషి. ఆవిడకు పళ్ళపొడి ముద్ద పెట్టారు కానీ బ్రష్షు పెట్టడం మర్చిపోయారు. "మూడు రోజులు! అంత పెద్ద రాకెట్టు కట్టినవాళ్ళు!" అని అమ్మ వాపోతుంటే, హాల్లో ఉన్న అమ్మలందరూ నిట్టూరుస్తారు. తర్వాత బయటికి వచ్చి తేలినవాడు. అతని సూటు గాలికి ఉబ్బిపోతే లోపలికి పట్టక, గాలి వదిలేసి ఎలాగో దూరాడు. తర్వాత నేల మీదే, ఇంకా ఎగరకుండానే, పరీక్ష జరుగుతుండగా కాలిపోయిన ముగ్గురు. అక్కడ పాదం గట్టిగా నొక్కేది.

తర్వాత చంద్రుడు. ఇద్దరు కింద దిగుతారు, మూడోవాడు పైన ఒంటరిగా చుట్టూ తిరుగుతుంటాడు. అతని ఓడ చంద్రుడి వెనక్కి వెళ్ళిన ప్రతిసారీ ముప్పావుగంట పైగా భూమితో మాట ఉండదు. అమ్మ "ఇదిగో, వెనక్కి వెళ్ళిపోతున్నాడు" అని నిజంగానే మాట ఆపేస్తుంది. గోపురం మీద నక్షత్రాలు తప్ప ఏమీ ఉండదు. కుర్చీలు కిర్రుమంటాయి. ఎవరో దగ్గుతారు. చివరికి ఒక పిల్లో పిల్లాడో ఉండబట్టలేక "ఏమైంది?" అంటారు. అలా అడిగాకే అమ్మ మళ్ళీ మొదలుపెడుతుంది. "అతనికి కూడా మనం ఇలాగే వినబడలేదు" అని.

ఎవరో ఒకరు అడగని షో ఇరవై ఆరేళ్ళలో ఒక్కటి కూడా లేదు. ఇది నేను ప్రమాణం చేసి చెప్పగలను.

జూన్ 12

అమ్మ సగం ఒప్పుకుంది! ఎలాగంటే, విసిగి.

బట్టల బీరువా తెరిచి, లోపల మైకు వేలాడదీసి, చుట్టూ దుప్పట్లు కట్టాను. వృత్తిలో దీన్ని స్టూడియో అంటాం. అమ్మను అందులో కూర్చోబెట్టాను. పదో నిమిషానికి మొదటి మనిషి భూమి చుట్టివచ్చాడు. వాతావరణ వార్తలు చదివినట్టు వచ్చాడు. ముసలమ్మ దగ్గరకొచ్చేసరికి అమ్మ ఆగిపోయింది.

"ఏమైందమ్మా?"

"దుప్పట్లకి ఏం చెప్పనే? నవ్వవు, ఏడవవు. ముసలమ్మ రావడం లేదు."

"ఊహించుకో. జనం ఉన్నారనుకో."

"అనుకోవడం కాదు. వాళ్ళు కదిలే చప్పుడు పట్టుకుని నేను చెబుతాను. నాకు వాళ్ళ మొహాలు కనబడవు కదా, చీకట్లో. కుర్చీ చప్పుడైతే త్వరగా పోతాను. చప్పుడు లేకపోతే నెమ్మదిస్తాను." బీరువాలోంచి లేచింది. తల చెక్కకు కొట్టుకుంది. "మనుషుల్ని తీసుకురా. అప్పుడు చూద్దాం."

జూన్ 14

ప్లానెటోరియం రెండు నెలలుగా మూతపడి ఉంది. గోపురం కారుతోంది, మరమ్మతు. తాళాలు చీమ బాబాయి దగ్గర ఉంటాయి. నక్షత్రాలు వేసే యంత్రానికి అటూ ఇటూ రెండు గుండు తలలు, మధ్యలో సన్నటి నడుము, కింద కాళ్ళు. అందుకని దాని పేరు చీమ. దాన్ని నడిపేవాడు చీమ బాబాయి. అమ్మను అక్కా అంటాడు, నన్ను మాత్రం 'బల్లకింద పిల్ల' అంటాడు, నాకు ఉద్యోగం వచ్చినా సరే.

"సెలవు రోజు పొద్దున పది గంటలకు ఒక్క గంట తెరవండి బాబాయ్."

"డైరెక్టరు గారికి లెటరు పెట్టు."

"పెట్టాను. సరేనన్నారు. ఎడమవైపు కారుతుంది, అటు కూర్చోబెట్టవద్దన్నారు."

బాబాయి కళ్ళద్దాలు తీసి తుడిచాడు. "డాక్టరు గట్టిగానే చెప్పాడా?"

"నరం దొరికితే ఏమీ కాదన్నాడు."

"ఆఁ. దొరుకుతుందిలే." మళ్ళీ తుడిచాడు. అద్దాలు అప్పటికే శుభ్రంగా ఉన్నాయి. "చీమకు కూడా ఒళ్ళు పట్టేసింది. ఒకసారి లేపుదాం."

జూన్ 17

జనసేకరణ పూర్తి. మా అపార్ట్‌మెంట్ వాళ్ళు, స్టూడియోలో మావాళ్ళు, టికెట్ల కిటికీ ఆంటీ, పై అంతస్తు కవలలు. మొత్తం నలభై ఒక్కమంది. ఒక నోటీసు కూడా తయారుచేశాను. వృత్తిధర్మం.

'ఇది రికార్డింగ్. ఫోన్లు ఆపవలెను. చప్పుడు చేసే బట్టలు, గాజులు, చెప్పులు నిషిద్ధం. నవ్వు వస్తే నవ్వవచ్చును. మాట మాత్రం ఒక్కటి కూడా మాట్లాడరాదు. ఒక్కటి కూడా.'

కవలలకు విడిగా చెప్పాను. గంటసేపు నోరు విప్పకపోతే చెరో పెద్ద చాక్లెట్. పెద్దది చేత్తో చూపించి మరీ చెప్పాను.

జూన్ 20

అయింది. వివరంగా రాస్తాను, మళ్ళీ మర్చిపోతానేమో.

పదిగంటల ఐదు నిమిషాలకు తలుపులు మూశారు. బాబాయి దీపాలు నెమ్మదిగా తగ్గించాడు. చీమ ఒకసారి మూలిగి తల తిప్పింది. నక్షత్రాలు వచ్చాయి. ఎడమవైపు కారిన మరక మీద ఎవరూ ఎరగని నక్షత్రమండలం ఒకటి ఏర్పడింది.

నేను అమ్మ బల్ల పక్కనే నేల మీద కూర్చున్నాను, చెవులకు హెడ్‌ఫోన్లు, ఒళ్ళో రికార్డరు. బల్ల కిందికి ఇప్పుడు పట్టను. ప్రయత్నించాను.

"రండర్రా," అంది అమ్మ. "చాలా దూరం వెళ్ళాలి."

బీరువాలో అమ్మకూ ఈ అమ్మకూ సంబంధం లేదు. కుక్క వెళ్ళింది. టికెట్ల ఆంటీ ఈ కథ వేలసార్లు విని ఉంటుంది, అయినా ముక్కు చీదింది. ముసలమ్మ వచ్చింది, అందరూ నవ్వారు. నాన్న మాత్రం అప్పటికే నిద్రపోయాడు. చీకటి పడితే నిద్రపోవడం ఆయన స్వభావం. పెళ్ళైన కొత్తలో కూడా ఈ షో పూర్తిగా చూడలేదుట. గురక సన్నగా రికార్డవుతోంది. వృత్తిపరంగా నాకు కోపం రావాలి. రాలేదు.

కాలిపోయిన ముగ్గురి దగ్గర అమ్మ గొంతు కొంచెం బొంగురుపోయింది. గడ్డ వల్లో, వాళ్ళ వల్లో తెలియదు.

తర్వాత చంద్రుడు. ఇద్దరు దిగారు. మూడోవాడు పైన.

"ఇదిగో, వెనక్కి వెళ్ళిపోతున్నాడు," అంది అమ్మ. ఆపింది.

నేను పది లెక్కపెట్టాను. ఇరవై. కుర్చీ కిర్రుమంది. కవలలు ఊపిరి గట్టిగా పీల్చారు, ఎవరో ఒకరు అడుగుతారనుకున్నాను. ఒకరి నోరు ఒకరు మూసుకున్నట్టు చిన్న చప్పుడైంది. అప్పుడు అర్థమైంది. నేనే నోటీసు వేశాను. ఒక్కటి కూడా, అని రెండుసార్లు రాశాను. నలభై ఒక్కమంది క్రమశిక్షణతో కూర్చున్నారు. బాబాయికి కథ తెలుసు, కానీ రికార్డింగ్ అంటే ఇలాగే కాబోలనుకున్నాడుట. టికెట్ల ఆంటీ నోట్లో రుమాలు కుక్కుకుందిట.

నక్షత్రాలు నెమ్మదిగా జరిగాయి. ఒక నిమిషం. అమ్మ మాట్లాడలేదు. రెండు. హెడ్‌ఫోన్లలో అమ్మ ఊపిరి వినబడుతోంది. నేను రోజూ కత్తిరించి పారేసే శబ్దం అదే.

అడగాల్సింది నేనే. హెడ్‌ఫోన్ వైరు ఒకటి వదులైనట్టు అనిపించింది. దాన్ని సరిచూసుకుంటూ ఉండిపోయాను. అందుకే ఆలస్యమైంది. రికార్డింగులో ఇలాంటి సాంకేతిక సమస్యలు మామూలే.

మూడు. నాలుగు.

'ఏమైంది' అనబోయాను. నోట్లోంచి ఇంకోటి వచ్చింది.

"అమ్మా, ఉన్నావా?"

"ఉన్నాను," అంది అమ్మ, చీకట్లోంచి. తర్వాత వెనక వరుస దాకా, "అతనికి కూడా మనం ఇలాగే వినబడలేదు" అని సాగిపోయింది.

అందర్నీ సురక్షితంగా భూమికి తెచ్చింది. తిరిగిరానివాళ్ళ పక్కన ఆగి, వాళ్ళ సంగతి చెప్పి, ముందుకు నడిపించింది. ఒకరినొకరు శత్రువులనుకున్న రెండు దేశాలవాళ్ళ చేత ఆకాశంలో చేతులు కలిపించింది. చివరికి ఎప్పటిలాగే, "ఇరవై ఏళ్ళ పైగా అయింది. పైన స్టేషన్లో ఎవరో ఒకరు ఉంటూనే ఉన్నారు. అంటే, అప్పట్నుంచి ఇప్పటిదాకా మనుషులందరూ భూమ్మీదే ఉన్న రోజు ఒక్కటి కూడా లేదు. ఇక లేవండర్రా, ఇళ్ళకు పొండి" అంది.

నేను పుట్టింది ఆ తర్వాతే. అంటే నా జీవితంలో అందరూ ఇంట్లో ఉన్న రోజు లేదన్నమాట.

దీపాలు వచ్చాక కవలలు చాక్లెట్ల కోసం వచ్చారు, మూతులు ఇంకా బిగించుకునే. బస్సులో అమ్మ అడిగింది.

"ఏమే, మధ్యలో నిద్రపోయావా?"

"వైరు వదులైందమ్మా."

"ఊఁ," అంది. కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

జూన్ 21

స్టూడియోలో విన్నాను. నాలుగు నిమిషాల పది సెకన్లు.

పక్క సీటువాడు తెర మీద ఆ బల్లపరుపు గీత చూసి, "ఇదేంటి, ఇంత ఖాళీనా? లేపెయ్" అన్నాడు. వాడి తప్పు లేదు. మేం బతికేదే దాని మీద.

లేపలేదు. సాంకేతిక కారణాలు.

జూన్ 23

సంచీ సర్దాం. అమ్మ ఇంట్లో అందరితో మామూలుగానే మాట్లాడింది. పాలవాడితో అరగంట మాట్లాడింది. అతను కంగారుపడ్డాడు.

జూన్ 24

పొద్దున ఏడున్నరకు లోపలికి తీసుకెళ్ళారు. పన్నెండుంబావుకు బయటికి తెచ్చారు. నాన్న నిద్రపోలేదు.

జూన్ 25

నరం దొరికింది, కానీ గడ్డ దాన్ని వదల్లేదు. కొయ్యాల్సి వచ్చిందిట. డాక్టరు ఈసారి బొమ్మ వెయ్యలేదు.

రెండు వారాలకు పైగా గుసగుస కూడా వద్దన్నాడు. అమ్మకు పలక కొనిచ్చాం. మొదటి వాక్యం: 'నాన్న ఏమైనా తిన్నాడా?'

జూన్ 29

డైరీ రాయబుద్ధి కావడం లేదు. అంతా బాగానే ఉంది.

జూలై 4

డైరెక్టరు గారు ఫోన్ చేశారు. గోపురం తెరిచాక ఆ రికార్డింగ్ వెయ్యొచ్చా అని. అమ్మకు చెప్పాను. పలక మీద రాసింది: 'ముందు నేను వినాలి. మీ నాన్న గురక కూడా ఉందా?'

ఉందన్నాను. 'అయితే ఉంచు. ఈసారైనా ఆఖరిదాకా ఉన్నాడు.'

జూలై 11

ఈ రోజు నుంచి గుసగుసకు అనుమతి. అమ్మ పొద్దున్నే నాన్నను పేరు పెట్టి పిలిచింది. నాన్న పక్కగదిలో ఉండి వినలేదు. నేను వెళ్ళి పిలుచుకొచ్చాను. గొంతు ఎలా ఉందంటే, కాగితం మీద కాగితం జరిపినట్టు. అమ్మ ముఖం అమ్మదే, కళ్ళూ చేతులూ అమ్మవే. ఎవరో దూరంనుంచి చదివి పెడుతున్నట్టుంది. అలవాటవుతుంది. అవ్వాలి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక, "తీసుకురా, వింటాను" అంది.

కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లు పెట్టాను. ఎదురుగా మంచం మీద ఉతికిన బట్టలు మడతపెడుతూ కూర్చున్నాను. నాకు ఏమీ వినబడదు, అమ్మ ముఖం చూసి ఎక్కడున్నామో కనుక్కోవాలి. ఒకచోట పెదాలు బిగించింది, కుక్క. ఒకచోట భుజాలు కదిలాయి, ముసలమ్మ. ఒకచోట నాన్న వైపు చూసి తల అడ్డంగా ఊపింది, గురక. నాన్న అప్పుడు కూడా కునుకు తీస్తున్నాడు.

తర్వాత ముఖం కదలడం ఆగిపోయింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని కిటికీ బయటికి చూస్తోంది. నేను ఒక దుప్పటి మడిచాను, విప్పాను, మళ్ళీ మడిచాను. ఒకే దుప్పటి ఐదుసార్లు మడిచి ఉంటాను.

అమ్మ ఒక్కసారి కళ్ళు మూసి తెరిచింది. హెడ్‌ఫోన్లు మెడ మీదికి దించి, ఆపమని చెయ్యి చూపించింది. ఆపాను.

"ఏ వైపు వైరే వదులైంది?"

ఇరవై రోజుల్నుంచీ ఈ నోట్‌బుక్‌కు చెప్పిన అబద్ధం అమ్మకు చెప్పలేకపోయాను.

"ఏ వైరూ వదులవలేదమ్మా."

"మరి?"

"అడిగితే నువ్వు మొదలుపెడతావు. మొదలుపెడితే అయిపోతుంది." దుప్పటి చూస్తూ చెప్పాను. "అయిపోవడం నాకు ఇష్టం లేదు."

అమ్మ దగ్గరికి రమ్మంది. గుసగుస కదా, దగ్గరికి వెళితేనే వినబడుతుంది.

"పిల్లలందరూ అడిగేస్తారనుకున్నావా? ఎన్ని షోల్లో ఎవరూ అడగలేదో. వాన రోజుల్లో పదిమంది ఉంటారు, అందరూ పెద్దవాళ్ళే. ఎవరడుగుతారు? అర నిమిషం చూసి నేనే మొదలుపెట్టేసేదాన్ని."

"నేను ఎప్పుడూ వినలేదే."

"నువ్వు బల్లకింద నిద్రపోయేదానివి, మీ నాన్న కూతురివి కదా."

నవ్వింది. నవ్వుకు శబ్దం రాలేదు.

"మరి ఆ రోజు నువ్వే ఎందుకు మొదలుపెట్టలేదు?" అన్నాను. "నాలుగు నిమిషాలమ్మా."

అమ్మ నా చెవి వెనక జుట్టు సర్దింది, స్కూలుకు పంపేటప్పుడు సర్దినట్టు.

"నాకు మాత్రం అయిపోవాలని ఉందా?"

నాన్న కునుకులోనే, ఎవరూ అడక్కుండానే, "ఛ, అదేం లేదు" అన్నాడు.

అమ్మ ముక్కు తుడుచుకుని హెడ్‌ఫోన్లు మళ్ళీ పైకి ఎత్తి పెట్టుకుంది. నన్ను పక్కకు జరగమని మోచేత్తో నెట్టింది.

"జరుగు, ఆన్ చెయ్యి. ఇద్దరు ఇంకా చంద్రుడి మీదే ఉన్నారు, వాళ్ళని తీసుకురావాలి."